కొలత మారని అమ్మాయి

బడి తెరిచిన మొదటి వారం జాగ్రత్తల టీచర్ గదిలో కుర్చీలు చాలవు. పక్కనే ఉన్న సైన్సు ల్యాబు నుంచి నాలుగు స్టూళ్లు తెచ్చి వేస్తే తప్ప వచ్చినవాళ్లందరూ కూర్చోలేరు. ఆమె పాఠాలు చెప్పదు. ఆఖరి రెండు తరగతుల ఆడపిల్లల తల్లిదండ్రుల్ని పిలిచి, ఆ రెండేళ్లూ ఇంట్లో ఎలా మసలుకోవాలో చెబుతుంది. ఏ కోర్సుకి ఏ సబ్జెక్టు కావాలి, దరఖాస్తు ఎప్పుడు పంపాలి, పిల్ల తలుపు వేసుకుంటే ఎంతసేపు ఆగి తట్టాలి, అన్నీ ఆమే చెప్పాలి. ప్రతి మాట చివరా "జాగ్రత్తమ్మా" అంటుందని పిల్లలు ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదు.

ఆ ఏడూ అలాగే మొదలైంది. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే ఒకావిడ వచ్చి కూర్చుంది.

"మా అమ్మాయి నాతో మాట్లాడటం మానేసిందండీ."

"మీరు ఇంటికెళ్లగానే ఏమడుగుతారు?"

"చదివావా అని."

"ఇంకా?"

ఆవిడ ఆలోచించింది. "ఇంకేం అడగనండీ."

"మరి తను మాత్రం ఇంకేం చెబుతుందమ్మా?"

ఆవిడ తర్వాత ఫైరింజన్ నడిపే ఒకాయన. ఇల్లు తగలబడుతుంటే లోపలికి దూరడానికి భయపడని మనిషి, కూతురికి లెక్కల్లో తక్కువ వచ్చినప్పుడు ఏమనాలో తెలియక చేతులు నలుపుకుంటున్నాడు. "ఏమీ అనకండి. పక్కన కూర్చుని కూరగాయలు తరగండి చాలు" అంది టీచర్. ఆయన ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు.

ఎవరొచ్చినా, ఏం అడిగినా, ఆమె అందరికీ ముందుగా చెప్పే మాట ఒకటుంది. "పిల్లకి జ్వరం వస్తే పుస్తకం మూసెయ్యండి. మర్నాడు పరీక్ష ఉన్నా సరే. ముందు డాక్టరు." కొత్తవాళ్లు తల ఊపేవారు. పాతవాళ్లు నేలవైపు చూసేవారు. ఎందుకంటే పెద్దమ్మాయి సంగతి వాళ్లకి తెలుసు.

పెద్దమ్మాయి ఆఖరి తరగతిలో మూడో బెంచీలో, కిటికీ పక్కన కూర్చుంటుంది. పన్నెండేళ్లుగా అక్కడే కూర్చుంటోంది. పరీక్షలకి నాలుగు రోజులుందనగా జ్వరం వచ్చింది, పరీక్షల మొదటి రోజు తెల్లారుతుండగా ప్రాణం పోయింది. కొత్త ఏడాది బడి తెరవగానే సంచి తగిలించుకుని, రెండు జడలు వేసుకుని, వచ్చి తన చోట కూర్చుంది. క్లాసు టీచరు హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర ఆగింది. కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. పిలిచింది. "ప్రెజెంట్ టీచర్" అంది పిల్ల. అంతే. అప్పటినుంచి ఏటా రిజిస్టరు మారుతుంది, పేర్లు మారతాయి, చివర ఆ పేరు మాత్రం ఉంటుంది.

ఆమె జ్వరం ఇంకా తగ్గలేదు. పక్కన కూర్చున్నవాళ్లకి పొయ్యి దగ్గర కూర్చున్నట్టుంటుంది. చలికాలం మూడో బెంచీ కోసం పిల్లలు కొట్టుకుంటారు. అన్నం డబ్బా తెచ్చుకుంటుంది, మూత తీస్తుంది, ఒకసారి చూసి మూత పెట్టేస్తుంది. ఎవరితోనూ గొడవ పడదు. ఆమెతో కలిసి చదువుకున్నవాళ్లలో ఒకమ్మాయి ఇప్పుడు అదే బడిలో కెమిస్ట్రీ టీచరు. ఒకప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకరి చేతి మీద ఒకరు పెన్నుతో గీసుకున్నవాళ్లు. క్లాసులో "ఏమ్మా, రికార్డు పూర్తి చేశావా?" అంటుంది. వరండాలో ఎవరూ లేనప్పుడు "ఏమే" అంటుంది.

పెద్దమ్మాయి వాళ్ల నాన్న సిటీ బస్సు డ్రైవరు. బడి ముందు నుంచే ఆయన రూటు. వాళ్లమ్మ బడి యూనిఫాంలు కుడుతుంది. ఆరువందల మంది పిల్లల కొలతలు ఆమె పుస్తకంలో ఉంటాయి. ఏటా అందరి అంకెలూ కొట్టేసి కొత్తవి రాస్తుంది, ఒక్క పేజీలో తప్ప. ఆ పేజీలో పన్నెండేళ్లుగా అవే అంకెలు. అయినా ప్రతి ఏడూ టేపు తీసి పెద్దమ్మాయి భుజం నుంచి భుజానికి, నడుము చుట్టూ, మెడ నుంచి మోకాలి దాకా కొలుస్తుంది. కొలిచి, పుస్తకం చూసి, "సరిపోయింది" అనుకుంటుంది. కొత్త జత కుడుతుంది.

బడిలో ఒక్కటే తేడా. ఏటా పరీక్ష ఫారాలు ఇళ్లకి పంపుతారు. తల్లో తండ్రో సంతకం పెట్టి పంపాలి. పెద్దమ్మాయికీ ఇస్తారు. ఆ ఫారం తిరిగి రాదు. కుట్టుమిషను సొరుగులోకి వెళుతుంది. ఆ సొరుగులో అలాంటివి పదకొండున్నాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. రాస్తే పాసవుతుంది, అంత తెలివైన పిల్ల. పాసైతే బడి వదిలి వెళ్లిపోవాలి. ఆ మాత్రం అందరికీ తెలుసు.

ఈ ఏడాది పన్నెండోది రావాలి. దానితోపాటు ఇంకొకటి కూడా. ఎందుకంటే అక్క పోయినప్పుడు అయిదేళ్లున్న చిన్నది ఇప్పుడు ఆఖరి తరగతికొచ్చింది. మొదటి రోజే వెళ్లి మూడో బెంచీలో అక్క పక్కన కూర్చుంది.

చిన్నది అక్కలాంటిది కాదు. వసపిట్ట. చేతిలో ఎప్పుడూ స్కేలో దారమో ఉండేది. బడి ప్రహరీ ఎన్ని అడుగులో, గేటు నుంచి మెట్ల దాకా ఎంత వాలుందో లెక్కగట్టి చెప్పేది. అమ్మ మనుషుల్ని కొలుస్తుంది, నేను నేలని కొలుస్తా అనేది. సర్వే పని నేర్పే కాలేజీ ఒకటి రైల్లో పదిగంటల దూరంలో ఉంది. అక్కడికి ఫారం తీసుకుని స్వయంగా వెళ్లాలి. ఆ ఫారం జాగ్రత్తల టీచరే తెప్పించి ఇచ్చింది. చిన్నది దాన్ని అట్టల మధ్య పెట్టుకుని తిరిగేది.

నాలుగు నెలలు గడిచేసరికి ఆ పిల్ల మాట తగ్గింది. టీచరు మొదట పట్టించుకోలేదు. ఆఖరి ఏడు, భయం ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం వరండాలో వెళుతూ చూసింది. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ డబ్బాలు తెరిచారు, ఒకసారి చూశారు, ఇద్దరూ ఒకేసారి మూతలు పెట్టేశారు.

మర్నాడు చిన్నదాన్ని గదికి పిలిచింది.

"అన్నం తినడం లేదా?"

"ఆకలి లేదు టీచర్."

"ఎన్నాళ్ల నుంచి?"

"తెలియదు." తనే మళ్లీ అంది. "టీచర్, నేను పాసైతే అక్క కంటే పెద్దదాన్నవుతాను కదా. అప్పుడు దాన్ని అక్కా అని ఎలా పిలవను?"

టీచరు లేచి వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుంది. చెయ్యి కాలుతోంది. అది మామూలు జ్వరం కాదని ఆమెకి తెలుసు. ఆ వేడిని ఆమె పన్నెండేళ్లుగా ఎరుగును. అయినా తన మొదటి మాట తనే తప్పలేక డాక్టరు దగ్గరికి పంపింది. డాక్టరు థర్మామీటరు చూసి, మందు రాసి, "తగ్గుతుందిలే" అన్నాడు. తగ్గలేదు.

ఆ శనివారం తల్లినీ తండ్రినీ పిలిపించింది. డ్రైవరు యూనిఫాంలోనే వచ్చి, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దర్జీ ఆవిడ మెడలో టేపు తియ్యడం మర్చిపోయి వచ్చింది.

"చిన్నమ్మాయి సంగతి మీరు గమనించారా అమ్మా?"

"ఏమైంది? బాగానే ఉందిగా. అక్కతో కలిసి వస్తుంది, అక్కతో కలిసి పోతుంది. ఈ మధ్య అల్లరి కూడా తగ్గింది."

"ఒళ్లు వెచ్చగా ఉంటోంది."

"వేడి శరీరం మేడమ్. మా ఇంట్లో అంతే." ఆవిడ టేపు వేలికి చుట్టుకుంది. "నేనే మిమ్మల్ని కలుద్దామనుకుంటున్నాను. చిన్నది ఈ ఏడు రాయదు. తొందరేముంది? వచ్చే ఏడాది రాస్తుంది. ఈ ఏడు రాయకపోతే కొంపలంటుకుపోవు కదా."

"వచ్చే ఏడాది రాస్తుందా అమ్మా?"

దర్జీ ఆవిడ వేలికి చుట్టిన టేపు విప్పింది. "ఇద్దరూ నా కళ్లముందే ఉన్నారు. ఎవరికేం నష్టం?" అంది.

జాగ్రత్తల టీచర్ బల్ల మీద అద్దం కింద ఉన్న టైమ్ టేబుల్ వైపు చూస్తూ కూర్చుంది. పన్నెండేళ్ల కింద ఇదే గదిలో, ఇదే బల్ల. అప్పుడామె ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఈవిడే పరుగున వచ్చి గుమ్మంలో నిలబడి, "పిల్లకి రెండ్రోజులుగా ఒళ్లు కాలిపోతోంది మేడమ్, ఏం చెయ్యమంటారు?" అని అడిగింది. దానికి తనిచ్చిన జవాబు ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది.

"ఆ రోజు మాత్ర వేసి కూర్చోబెట్టమన్నది నేనే. రెండేళ్ల కష్టం నీళ్లపాలవుతుంది, పరీక్షలయ్యాక చూపిద్దురుగాని అన్నది నేనే. మీరు మర్చిపోయి ఉంటారు. నేను మర్చిపోలేదు."

"నేనెందుకు మర్చిపోతాను?" దర్జీ ఆవిడ గొంతు పెద్దది చెయ్యలేదు. "కానీ మీరు అన్నారని కాదు మేడమ్. నేను విన్నాను. నా చెయ్యి దాని నుదుటి మీదే ఉంది. నా చెయ్యి చెప్పింది వినకుండా మీరు చెప్పింది విన్నాను."

డ్రైవరు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. బయట ఆటస్థలంలో ఎవరూ లేరు. ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. ఏదో అనబోతున్నట్టు ఒకసారి ఇటు తిరిగాడు. మళ్లీ అటే తిరిగిపోయాడు.

చలి మొదలైంది. యూనిఫాం మీద వేసుకునే కోట్లు కుట్టే రోజులు. దర్జీ ఆవిడకి ఊపిరాడని పని. ముందు బడి పిల్లలందరివీ ముగించి, ఒక ఆదివారం పొద్దున సొంత పిల్లల్ని నిలబెట్టింది. పెద్దదాన్ని కొలిచింది. పుస్తకం చూసింది. సరిపోయింది. చిన్నదాన్ని కొలిచింది. భుజం, చేతి పొడుగు, మెడ చుట్టు. అంకెలు రాయబోయి ఆగింది. అక్క పేజీలో ఉన్నవే. బడి తెరిచినప్పుడు చిన్నది అక్క కంటే ఒక అంగుళం పొడుగు, భుజాలు అరంగుళం వెడల్పు. పుస్తకంలో ఆమె చేత్తో రాసుకున్న అంకెలే అవి. మళ్లీ కొలిచింది. అక్క అంకెలే.

మొదట ఆమెకి కలిగింది సంతోషమే. ఒకే కొలత, ఒకే కత్తిరింపు. రెండు కోట్లూ ఒకేసారి కత్తిరించింది. సాయంత్రానికి వదులుగా కుట్టి చిన్నదానికి తొడిగి, చేతుల దగ్గర గుండుసూదులు పెడుతోంది. నోట్లో సూదులుండటంతో మాట్లాడటం లేదు. ఒక సూది బట్టలోంచి జారి మణికట్టు పక్కన కండలో దిగబడింది. సగం దాకా దిగింది.

చిన్నది కదల్లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

తల్లి ఆ సూదిని చూస్తూ ఉండిపోయింది. పెద్దదానికి సూది గుచ్చుకుంటే తెలియదు. అది ఆమెకి పన్నెండేళ్లుగా అలవాటు. చిన్నది అలా కాదు. పోయినేడాది దారం కొస తగిలితేనే ఇల్లు పీకి పందిరేసింది. తల్లి నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. దిగిన సూదిని మెల్లగా లాగింది. రక్తం రాలేదు. అప్పుడు పిల్ల మెడ మీద చెయ్యి వేసింది. పన్నెండేళ్ల కింద పెద్దదాని నుదుటి మీద తగిలిన వేడే మళ్లీ చేతికి తగిలింది.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"ఏది?" అంది చిన్నది.

మర్నాడు గంట కొట్టక ముందే దర్జీ ఆవిడ జాగ్రత్తల టీచర్ గది ముందు నిలబడి ఉంది. చేతిలో కవరు. అందులో పదకొండు పాత ఫారాలు, రెండు కొత్తవి. టీచరు తాళం తీస్తుంటే వెనక నుంచే అడిగింది.

"ఇప్పుడు ఏం చెయ్యమంటారు మేడమ్?"

"ఈసారి నన్ను అడగకండమ్మా. ఎవరి పరీక్షో వాళ్లనే అడుగుదాం."

పెద్దమ్మాయిని పిలిపించారు. ఆమె వచ్చి, గుమ్మం దగ్గర "మే ఐ కమిన్ టీచర్" అని అడిగి, రమ్మన్నాక వచ్చింది. తల్లి పక్కన కుర్చీలో కూర్చుంది. గదిలో చలి తగ్గింది.

"పరీక్ష రాస్తావామ్మా?" అంది టీచరు.

"రాస్తాను."

"మరి ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా అడగలేదే."

"ఏటా ఫారం అమ్మ చేతికే ఇచ్చాను కదా టీచర్."

అందులో నిష్ఠూరమేం లేదు. అందుకే దర్జీ ఆవిడ తట్టుకోలేకపోయింది. చాలాసేపు కొంగుతో ముఖం కప్పుకుంది. పెద్దమ్మాయి కదలకుండా కూర్చుంది. బయట గంట కొట్టారు, ప్రార్థన అయింది, పిల్లలు వరుసగా క్లాసులకి వెళ్లారు.

"రాస్తే ఎక్కడికి పోతావే?" అంది తల్లి చివరికి.

"తెలియదమ్మా. నా క్లాసువాళ్లు కూడా తెలియకుండానే వెళ్లారు. ఏటా వెళుతున్నారు." చేతిలో పెన్ను మూత తీసి మళ్లీ పెట్టింది. "నేను కూర్చున్నంతకాలం చెల్లి లేవదు. చెబితే వినదు. చాలాసార్లు చెప్పాను."

రోజూ ఇదే గదిలో ఎంతమంది తల్లులు బతికున్న పిల్లల్ని ఇదే ప్రశ్న అడిగారో జాగ్రత్తల టీచరుకి తెలుసు. ఎక్కడికి పోతావే. ఏ పిల్లా సరిగ్గా చెప్పలేదు. చెప్పలేకపోయినా సంతకాలు పెట్టించే పని ఆమెది.

దర్జీ ఆవిడ కవరులోంచి కొత్త ఫారాలు రెండూ తీసింది. చిన్నదానిది ముందు పెట్టుకుని సంతకం చేసింది. పెద్దదానిది ముందుకు లాక్కుని, పెన్ను పట్టుకుని, రెండుసార్లు చొక్కా గుండీల మీదుగా పిల్లని పైనుంచి కింద దాకా చూసింది. తర్వాత పెట్టింది. పొడి అక్షరాలు కాకుండా పూర్తి పేరు రాసింది.

"ఈ పాతవి ఏం చెయ్యను మేడమ్?"

"వాటి గడువు అయిపోయిందమ్మా."

"మరి చిన్నమ్మాయి కాలేజీ ఫారం?" అని టీచరే మళ్లీ అడిగింది.

"దాని సంగతి ఇప్పుడెత్తకండి. ఒకేసారి రెండు నా వల్ల కాదు."

తర్వాత మూడు నెలలు బడిలో అందరికీ పనే. పన్నెండేళ్లలో సిలబస్ మూడుసార్లు మారింది. పెద్దమ్మాయికి మూడూ వచ్చు. ఏది ఎప్పటిదో మాత్రం తెలియదు. కెమిస్ట్రీ టీచరు రోజూ సాయంత్రం ల్యాబులో కూర్చోబెట్టుకుని కొట్టివేతలు చేసేది.

"ఇది తీసేశారే. ఇది మన కాలంది."

"మరి ఇది?"

"ఇదీ మన కాలందే. నాకు అర్థమయ్యేది కాదుగా, గుర్తులేదా? నువ్వే చూపించావు నాకు."

జాగ్రత్తల టీచర్ దర్జీ ఆవిడకి అందరికీ చెప్పినట్టే చెప్పింది. అన్నం దగ్గర చదువు ఎత్తకండి. పక్కింటి పిల్ల మాట తేకండి. పిల్ల చదువుకుంటుంటే అదేపనిగా గుమ్మంలో నిలబడకండి, మీ పని మీరు చేసుకోండి. దర్జీ ఆవిడ అన్నీ చేసింది. పిల్లలిద్దరూ చదువుకునే గదిలోనే మిషను పెట్టుకుని కుట్టేది. మిషను చప్పుడుంటేనే చదువు ఎక్కుతోందని వాళ్లే అన్నారు.

ఒకరోజు జామెట్రీ క్లాసులో చిన్నదానికి కంపాసు ముల్లు గుచ్చుకుంది. కెవ్వుమని అరిచి బెంచీ మీదినుంచి లేచింది. వేలి మీద రక్తపు బొట్టు. క్లాసంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది అక్క. ఆ మధ్యాహ్నం చిన్నది తన డబ్బా ఖాళీ చేసి, అక్క డబ్బా కూడా ఖాళీ చేసింది.

పరీక్షలు ఆరు. ఇద్దరికీ వేరువేరు గదులు పడ్డాయి. పెద్దమ్మాయి మొదటి రోజు ప్రశ్నపత్రం అందుకోగానే తలెత్తి గది మొత్తం ఒకసారి చూసిందని, ఆ తర్వాత మూడు గంటలూ తల ఎత్తలేదని కాపలా ఉన్న టీచరు చెప్పింది. అదనపు కాగితాలు నాలుగుసార్లు అడిగింది. ఆమె రాసిన కాగితాలు కట్ట కడుతుంటే ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

ఆఖరి పరీక్ష మధ్యాహ్నానికి అయిపోయింది. దర్జీ ఆవిడ, జాగ్రత్తల టీచర్ గేటు దగ్గర నిలబడ్డారు. పిల్లలు గుంపుగా వచ్చారు. ఒకరి చొక్కాల మీద ఒకరు సంతకాలు పెట్టుకుంటున్నారు. తను కుట్టిన చొక్కాలన్నీ పాడవుతుంటే దర్జీ ఆవిడ ఒక్క మాటా అనలేదు. పెద్దమ్మాయి వచ్చింది. ఆమె చొక్కా వీపు నిండా పేర్లు. పన్నెండేళ్లలో ఆ చొక్కా మీద ఎవరైనా రాయడం అదే మొదలు.

"ఎలా రాశావు?" అని అడగబోయి, ఆ మాట అడగకూడదని గుర్తొచ్చి, దర్జీ ఆవిడ "పద, నాన్న బస్సు వస్తుంది" అంది.

బస్సు వచ్చింది. పెద్దమ్మాయి ముందు తలుపు పక్కనున్న ఒంటి సీటులో కూర్చుంది. వెనక సీట్లో తల్లి, చిన్నది. జాగ్రత్తల టీచరు ఇల్లు కూడా అటే. ఆమె వాళ్లకి ఎదురుగా కూర్చుంది. ఎండ నేరుగా పడుతున్న వేళ. బస్సు సగం ఖాళీ. రెండు స్టాపులు దాటాక మూడో దాంట్లో డ్రైవరు బండి ఆపాడు. ఆసుపత్రి స్టాపు. ఎక్కేవాళ్లు లేరు. దిగుతామని ఎవరూ గంట కొట్టలేదు.

డ్రైవరు ఇంజను ఆపేసి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. వెనక్కి తిరక్కుండానే మాట్లాడాడు.

"ఆ నాలుగు రోజులూ రోజుకి ఆరుసార్లు ఇక్కడ బండి ఆపానమ్మా. ఎవరెవరినో తెచ్చి దించాను. నడవలేనివాళ్లని చెయ్యి పట్టుకుని దించాను. ఇంట్లో నిన్ను పడుకోబెట్టుకుని, నిన్ను కూడా ఒకసారి ఎక్కించుకొద్దామని నాకు తట్టలేదు. పరీక్షలయ్యాక అనుకున్నాను."

పన్నెండేళ్లలో ఆయన ఆ సంగతి మాట్లాడటం అదే మొదటిసారి. భార్య కూడా అంతకుముందు వినలేదు.

పెద్దమ్మాయి సంచి భుజానికి తగిలించుకుంది.

"పరీక్షలయ్యాయిగా నాన్నా" అంది.

ఆయన చాలాసేపటికి తలుపు మీట లాగాడు. తలుపు తెరుచుకుంది. ఆమె లేచి, వెనక సీటు దగ్గరికి వచ్చి, అమ్మ భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత మెట్టు దిగింది. చిన్నది ఒక్క ఉదుటున లేచింది.

"నేనూ వస్తాను."

"నీ స్టాపు ఇది కాదు. కూర్చో."

"అక్కా."

"కూర్చోవే. నాన్న బండి కదిలించాలి."

చిన్నది నిలబడే ఉంది. తల్లి ఆమె చెయ్యి పట్టుకోలేదు, లాగలేదు. తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చిన్నది తనంతట తనే కూర్చుంది.

పెద్దమ్మాయి ఆసుపత్రి మెట్లెక్కింది. గుమ్మంలో చీటీలు పట్టుకుని నిలబడ్డ మనుషులు కాస్త పక్కకి జరిగి దారి ఇచ్చారు. చొక్కా మీది పేర్లు కొంతసేపు కనిపించాయి, తర్వాత కనిపించలేదు. బస్సులో ఎవరూ తొందరపెట్టలేదు. ఒకాయన దగ్గబోయి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. డ్రైవరు అద్దంలో చూసుకుంటూ కళ్లు తుడుచుకుని, తలుపు వేసి, బండి కదిలించాడు. రెండు గేర్లు మారేదాకా బండి ఊగింది. తర్వాత కుదురుగా సాగింది.

తర్వాతి స్టాపులో చేతిసంచితో ఒక పెద్దావిడ ఎక్కింది. ముందు తలుపు పక్కనున్న ఒంటి సీటు చూసి, వెనక కూర్చున్న దర్జీ ఆవిడని అడిగింది.

"ఇక్కడెవరైనా ఉన్నారా అమ్మా?"

దర్జీ ఆవిడ ఆ సీటు వైపు చూసింది.

"లేరండీ. ఖాళీయే. కూర్చోండి."

పెద్దావిడ కూర్చుని, సంచి ఒళ్లో సర్దుకుంది. చిన్నది కిటికీ మీద తల ఆనించి వెక్కిళ్లు పెడుతోంది. ముఖమంతా తడి. తల్లి కొంగుతో ఆ ముఖం తుడిచింది. నుదురు చల్లగా ఉంది. కొంతదూరం పోయాక అడిగింది.

"ఆ కాలేజీ ఊరికి పొద్దుటి రైలుందా, సాయంత్రం రైలేనా?"

చిన్నది తల తిప్పి చూసింది. "రెండూ ఉన్నాయి."

"పొద్దుటిదే ఎక్కు" అంది తల్లి. "వెలుతురుండగా చేరతావు."